తన పేరు తానెఱుగని యంత్రము

గత వేసవిలో మా మఱది క్రొత్త ల్యాప్‌టాపు కొనుక్కొని పాతదానిని మా యింట విడిచి వెళ్లెను. అందు డెబియన్ అను లినక్స్ వ్యవస్థ యున్నది. పిల్లల మార్కులు కూడి పట్టికలు వేయు జావా ప్రోగ్రాము నొకదానిని మా వారు దానిలో పెట్టుకొనిరి. మేము మా అత్తగారు పాడిన పెండ్లిపాటలు, దంపుళ్లపాటలు అరువదింటిని అందులోనే దాచితిమి. ఆమెకిప్పుడు గొంతు పలుకదు. ఆ పాటలకు వేఱు ప్రతియు లేదు.

యంత్రమింకను మఱది పేరుతోనే యుండనేలయని మా పెద్దమ్మాయి దానికి ‘సరస్వతి’ యని నామకరణము చేసెను. మఱునాటినుండి ఆ ప్రోగ్రాము తెఱచిన వెంటనే ‘అన్‌నోన్ హోస్ట్ ఎక్సెప్షన్: సరస్వతి’ యని చూపి ఆగిపోవుచుండెను. పట్టికలు సోమవారమునకు కావలెను. మరమ్మతు దుకాణమున చూపగా, అంతయు తుడిచివేసి క్రొత్తగా నెక్కింపవలెననిరి. పాటలు తలపునకు వచ్చి మా గుండె ఝల్లుమనెను. యంత్రమును మాఱుమాటాడక యింటికి తెచ్చుకొంటిమి.

సోదరీమణులారా, ఆ తప్పునకు అర్థమింతియే. యంత్రములు ఒకదాని నొకటి గుర్తించునది అంకెలతో. పేర్లు మన సౌకర్యమునకు. పేరు చెప్పగనే దాని అంకె యేదో వెదకి పట్టవలెను. అందులకు యంత్రము సాధారణముగా మొదట తన యింటి చిట్టాను, అనగా ‘హోస్ట్స్’ అను చిన్న ఫైలును చూచును. అందు లేనిచో వెలుపలి డీఎన్‌ఎస్ సర్వరు నడుగును. మన యింట పెట్టిన ముద్దుపేరు వెలుపలివారికేమి తెలియును? అమ్మాయి పేరు మార్చినదే గాని చిట్టా దిద్దలేదు. అచ్చట మఱది పేరే నిలిచియున్నది.

ఈ చిట్టాకు పెద్ద చరిత్ర కలదు. అమెరికాలో ఆర్పానెట్ దినములలో యంత్రములన్నిటి పేర్లును అంకెలును ఒక్క పట్టికలో నుండెడివి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఆ పట్టికను కాపాడిన సమాచార కేంద్రమును 1972 మొదలు 1989 వఱకు నడపినది ఎలిజబెత్ ఫైన్లర్ అను స్త్రీ. క్రొత్త యంత్రము చేరినచో ఆ కేంద్రమునకు తెలిపి పేరు వ్రాయించుకొనవలెను. తక్కినవారు నకలు తీసికొనవలెను. ఇంటి పద్దులు వ్రాయు మనకు ఆమె శ్రమ వేఱుగ చెప్పనక్కఱలేదు. యంత్రములు పెరిగి ఒక్క పట్టిక చాలక, 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించెను. ఐనను చిన్న పట్టిక నేటికిని ల్యాప్‌టాపులలో నిలిచియే యున్నది.

మేము టెర్మినల్ తెఱచి ‘హోస్ట్‌నేమ్’ అని ఆంగ్లాక్షరములతో కొట్టగా ‘సరస్వతి’ యని బదులు వచ్చెను. ‘ఈటీసీ’ ఫోల్డరులోని హోస్ట్స్ ఫైలునకు ముందుగా నకలు తీసి, సుడో అధికారముతో నానో ఎడిటరున తెఱచితిమి. సుడో కూడ హోస్టు దొరకలేదని గొణిగెను గాని పని మానలేదు. మొదటి పంక్తి 127.0.0.1 లోకల్‌హోస్ట్, దానిని ముట్టరాదు. రెండవది 127.0.1.1, దాని యెదుటి మఱది పేరు తీసి సరస్వతి యని వ్రాసితిమి. ఈ అంకెలు యంత్రము తన్ను తాను పిలుచుకొనుటకే గాని గడప దాటవు. మొదటిసారి ఒక యక్షరము విడిచితిమి, అమ్మాయి నవ్వినది! ఇట్టి పేర్లలో అక్షరములు, అంకెలు, అడ్డగీత తప్ప ఖాళీలుండరాదు.

కొన్ని క్రొత్త లినక్స్‌లు చిట్టాలో లేకున్నను సొంత పేరునకు తామే బదులు చెప్పును. విండోస్‌లో ఈ ఫైలు సిస్టమ్32లోని డ్రైవర్స్ లోపల ‘ఈటీసీ’లో నుండును. తప్పులో కనబడు పేరు వెలుపలి సర్వరుదైనచో చిట్టా జోలికి పోక, అక్షరదోషమును, వైఫైని, డీఎన్‌ఎస్ అమరికను చూడవలెను.

ఆ రాత్రి తొమ్మిదింటికి మా వారి పట్టికలు ముద్రణమైనవి. మఱునాడు పాటలన్నియు పెన్‌డ్రైవులోని కెక్కించి, అత్తగారి పెట్టెలో పట్టుచీర మడతల నడుమ నుంచితిమి.