ఎద్దుల యెంపిక – వాహనముల నడక



మహబూబునగర, నల్లగొండ ప్రాంతములలో సేద్యము చేసిన మీకు ఎద్దును ఎట్లు ఏరుకొనవలెనో నేను చెప్పనక్కరలేదు. పూర్వపు మహబూబునగర జిల్లాలోని అమ్రాబాదు ప్రాంతమున పెరుగు పొడతూర్పు పశువులే యిందుకు సాక్ష్యము. పొడలుగల యీ యెద్దులు రాతినేలను దున్నుటలోను, ఎండకు తాళుటలోను పేరొందినవి. ఈ గుణములు ఒక్కనాట వచ్చినవి కావు. మేలైన ఆబోతును మేలైన ఆవుతో కలిపి, పుట్టిన దూడలలో మరల మేలైనవానిని నిలుపుకొనుచు, తరతరములుగా పెంచినవారు సాధించిన ఫలమిది.

ఈ సూత్రముతోనే నేడు కంప్యూటరుచేత వాహనపు నడకను దిద్దుచున్నారనిన మీకు వింతగా తోచవచ్చును. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ హాలండ్ 1975లో ఈ పద్ధతిని గ్రంథరూపమున వెల్లడించెను.

ఒక దృష్టాంతము చెప్పెదను. శ్రీశైలము ఆనకట్ట నుండి దోమలపెంటకు ఎక్కు కనుమదారిలో ఒక మోటారుబండి తనంతట తానే ఒకే వేగముతో సాగవలెననుకొందము. వేగము తగ్గగనే ఇంధనము నెంత హెచ్చింపవలెను? లోటు తీరకున్నచో ఇంకెంత హెచ్చింపవలెను? వేగము త్వరగా పెరుగుచున్నచో ఎంత వెనుదీయవలెను? ఈ మూడంకెలు కుదిరిననే బండి కుదుపులేక పోవును. బండి బరువు, దారి యెత్తు మారుచుండుటచే వీనిని ఒక్క లెక్కతో తేల్చుట కష్టము. కావున కంప్యూటరు మూడేసి అంకెల కూటములను ఇరువదింటిని తోచినట్లు కల్పించును. ఒక్కొక్క కూటముతో లెక్కలలోని బండిని నడిపి చూచును. చెడ్డ కూటములను విడిచి, మంచి కూటముల అంకెలను ఒకదానితో నొకటి కలుపును. అప్పుడప్పుడు ఒక అంకెను కొంచెము మార్చును. పశువులలో నూరు తరములు గడచుటకు శతాబ్దములు పట్టును. ఇచ్చట స్వల్పకాలము చాలును.

అయితే ఏది మేలో యంత్రమెరుగదు, మనమే చెప్పవలెను. వేగమే మేలంటిమా, వేగమే పెరుగును. బండిలోని గర్భిణి కుదుపులకు పడు బాధయు, దారికడ్డము వచ్చు మేకలమందయు లెక్కలోనికి రావు. పాలకొరకే ఏరిన పశువునందు దుక్కిబలమును వెదకినట్లగును. మరియు నున్నని పట్టణపు బాటపై తేలిన అంకెలు మన మట్టిబాటకు తగకపోవచ్చును.

సారథి లేని వాహనములను పరీక్షించు క్షేత్రము సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి.యందు 2022లో ఆరంభింపబడినది. అట్టి బండి మీ యూరికి వచ్చిననాడు దాని వేగమును మాత్రమే అడుగకుడు. దేనిని మేలని యెంచి దాని నడకను ఏరితిరి, ఏ బాటపై పరీక్షించితిరి అని అడుగుడు. సంతలో ఎద్దును కొనునాడు మీరడుగు ప్రశ్నలివియే గదా!