తీగ తెగే చోటు

ఇంటింటా చేదబావులున్న రోజుల్లో చేంతాడు ఎక్కడ తెగుతుందో ప్రతి ఇల్లాలికీ తెలిసి ఉండేది. బారలకొద్దీ పొడవున్న తాడు అంతటా గట్టిగానే ఉండేది. బొక్కెనకు కట్టిన ముడి దగ్గర, గిలకపై ఒరుసుకునే భాగంలో మాత్రం ముందుగా పీచు లేచేది. ఆ చోటును కనిపెట్టి, ముడి మార్చి కట్టుకున్న ఇంట తాడు చాలాకాలం మన్నేది. కనిపెట్టని ఇంట తాడుతోపాటు బొక్కెన కూడా నూతి పాలయ్యేది. నేడు చాలా ఇళ్లలో బావుల స్థానంలో కుళాయిలు వచ్చాయి. కాని ఆ చేంతాటి ధర్మం సెల్‌ఫోన్ ఛార్జింగ్ కేబుల్‌లో నేటికీ నిలిచి ఉంది.

హైదరాబాదు నగరానికి పడమట, మాదాపూర్‌లో 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ భవనం చుట్టూ హైటెక్ సిటీ పెరిగింది. కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలను కలుపుకొని సైబరాబాదుగా విస్తరించింది. ఇక్కడ కేబుల్ లేని బల్ల గాని, సంచి గాని అరుదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ల్యాప్‌టాప్ సంచిలోను, క్యాబ్ డ్రైవరు స్టీరింగు పక్కన, ఇళ్లకు భోజనం చేరవేసే యువకుని బండి హ్యాండిల్ వద్ద అది కనిపిస్తూనే ఉంటుంది. ఉద్యోగి కేబుల్ చెడిపోతే పక్క బల్లపై మరొకటి దొరుకుతుంది. భోజనం చేరవేసే యువకుని స్థితి వేరు. ఆర్డరు తెలిపేది, దారి చూపేది, సొమ్ము ముట్టినట్లు చెప్పేది ఆ ఫోనే. ఆర్డర్లు ముమ్మరంగా వచ్చే రాత్రివేళ ఫోను ఆరిపోతే ఆ పూట సంపాదన పోయినట్లే. కనుక కేబుల్ మన్నిక అతని జీవనోపాధికి సంబంధించిన విషయం.

కేబుల్ పైకి ఒకే తీగలా కనిపించినా లోపల పలు తీగలుంటాయి. వాటిలో ముఖ్యమైనవి వెంట్రుకల వంటి సన్నని రాగిపోగులను కలిపి పేనిన కట్టలు. మందపాటి కడ్డీ కంటె సన్నని పోగులు సులువుగా వంగుతాయి. అయినా లోహపు ఓర్పుకు హద్దు ఉంది. ఒకేచోట పదేపదే వంచితే రాగి క్రమంగా గట్టిపడి, పెళుసై, పగుళ్లు బారి విరిగిపోతుంది. ఇనుపతీగను అటూఇటూ వంచి విరిచినవారికి ఇది అనుభవంలో ఉన్నదే. దీనినే లోహపు అలసట అంటారు. కేబుల్ నడిమి భాగంలో వంపు విశాలంగా ఉంటుంది. కదలని పిన్, కదిలే తీగ కలిసే 'మెడ' వద్ద మాత్రం వంపు భారమంతా ఒక్కచోటనే పడుతుంది. కేబుల్ సాధారణంగా తెగేది అక్కడే.

పిన్ విషయం దీనికి భిన్నం. 2014లో వెలువడిన టైప్-సి ప్రమాణం ప్రకారం పిన్‌ను 10,000 సార్లు పెట్టి తీసినా పనిచేయాలి. రోజుకు మూడుసార్లు వాడినా అది తొమ్మిదేళ్ల లెక్క. పైగా అరిగిపోయే స్ప్రింగులను ఫోనులో గాక కేబుల్ పిన్‌లోనే అమర్చారు. ఖరీదైన ఫోను నిలవడానికి చవకైన కేబుల్ అరుగుదలను భరిస్తుందన్నమాట. అంతటి పిన్ చెక్కుచెదరకుండా ఉన్నా, మెడ తెగిన కేబుల్ చెత్తబుట్ట చేరుతోంది.

కొన్ని పోగులు తెగినంత మాత్రాన కేబుల్ వెంటనే ఆగిపోదు. మిగిలిన పోగులే విద్యుత్తునంతా మోయవలసి వస్తుంది. ఆ చోట నిరోధం పెరిగి, ఛార్జింగ్ మందగించి, మెడ వేడెక్కుతుంది. జౌల్ నియమం ప్రకారం ప్రవాహం రెట్టింపైతే పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల వేగంగా ఛార్జి చేసే నేటి ఛార్జర్లతో దెబ్బతిన్న కేబుల్‌ను వాడటం మరింత ప్రమాదకరం.

ఈ కారణాలు తెలిస్తే జాగ్రత్తలు వాటంతట అవే బోధపడతాయి. పిన్‌ను తీసేటప్పుడు తీగను గాక పిన్‌నే పట్టుకోవాలి. పడుకొని ఫోనును ఛాతీపై ఆనించి చూస్తే మెడ మడతపడుతుంది. ఛార్జింగ్ వేళ ఆ అలవాటు మానాలి. కేబుల్‌ను ఛార్జరు చుట్టూ బిగించి చుట్టరాదు; అరచేతి వెడల్పున వదులుగా చుట్టి సంచిలో పెట్టాలి. బండిపై వాడేవారు పిన్‌కు జానెడు దూరంలో కేబుల్‌ను హ్యాండిల్‌కు వదులుగా కట్టుకుంటే, గతుకుల్లో కుదుపు మెడపై పడదు. మే నెల ఎండలో నిలిపిన కారులో కేబుల్‌ను వదిలివేయరాదు. తరచు తగిలే తీవ్రమైన వేడికి పైతొడుగు త్వరగా పాడవుతుంది. పిన్ సరిగా కూర్చోకపోతే బలంగా నొక్కరాదు. తరచుగా దానికి కారణం ఫోను రంధ్రంలో చేరిన జేబుపీచు. ఫోనును ఆపి, పొడి చెక్కపుల్లతో దానిని మెల్లగా తొలగించాలి, సూది వాడరాదు.

తొడుగు మెడ వద్ద అప్పుడే ఊడుతున్నట్లయితే, వేడికి ముడుచుకునే గొట్టాన్ని తొడిగించి ఆయువు పెంచవచ్చు. ఎలక్ట్రానిక్ సామాను దుకాణాలలో అది లభిస్తుంది. లోపలి రాగి బయటపడినా, వాసన వచ్చినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా టేపు చుట్టి వాడటం తగదు. ఆ కేబుల్‌ను విడిచిపెట్టవలసిందే.

విడిచిన కేబుల్ ఎక్కడికి పోతుందన్నది కూడా ఆలోచించదగినదే. రాగి కోసం ప్లాస్టిక్ తొడుగును బహిరంగంగా కాల్చితే విషవాయువులు వెలువడి, కాల్చేవారి ఊపిరితిత్తులకే హాని చేస్తాయి. ఈ-వ్యర్థాలను నమోదైన శుద్ధి సంస్థలకు చేర్చే ఏర్పాటును 2022 నాటి నియమాలు నిర్దేశించాయి; అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. పాత కేబుళ్లను ఇంటి చెత్తలో కలపకుండా విడిగా దాచి, అటువంటి సేకరణ కేంద్రాలకు ఇవ్వడం పౌరుల విధి.

చేంతాటిని కాపాడినది తాడు గట్టిదనం ఒక్కటే కాదు, ముడిని రోజూ చూసుకునే కన్ను కూడా. సాయంత్రం గచ్చిబౌలి కూడలి నుంచి బండి కదిలించే ముందు కేబుల్ మెడను ఒకసారి తడిమి చూసుకునే యువకునికి ఆ కన్ను ఉన్నట్లే. అందుకు పట్టేది ఒక్క క్షణం. అది కాపాడేది అతని రాత్రి సంపాదనను.