మీకు తెలుసా? ఆగిపోయిన యంత్రాలకూ కొత్త వెర్షన్లు!

ఒక కంప్యూటర్ చేసే పనిని మరో కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తోనే చేయించేది ఎమ్యులేటర్. దాన్ని ఒక్కో యంత్రానికీ, ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కీ సరిపడేలా మార్చి ఇవ్వడమే పోర్టింగ్. ఈ పని ఒకసారి చేస్తే అయిపోదు.

● అమిగా కంప్యూటర్‌ను వేరే కంప్యూటర్లలో అనుకరించేందుకు 1995లో మొదలైన ఎమ్యులేటర్ యూఏఈ. తొలి వెర్షన్లు అమిగాను బూట్ కూడా చేయలేకపోయేవి. అందుకే దాన్ని ‘అన్‌యూజబుల్’ ఎమ్యులేటర్ అని సరదాగా పిలుచుకున్నారు. తర్వాత అదే యూఏఈని అమిగాలకూ పోర్ట్ చేశారు! ఎందుకంటే పవర్‌పీసీ చిప్‌లతో వచ్చిన కొత్త అమిగాల్లో పాత ఆటలు చాలావరకు నేరుగా ఆడవు.

● సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ గేమ్ యంత్రం తయారీని 2001 మార్చిలో ఆపేసింది. పాత అడ్వెంచర్ ఆటలను నడిపే స్కమ్‌వీఎం పుట్టింది అదే ఏడాది అక్టోబరులో. అయినా డ్రీమ్‌కాస్ట్‌కు దాని పోర్ట్ వచ్చింది. ఆ యంత్రంలో ఉన్న ప్రధాన మెమరీ 16 ఎంబీ మాత్రమే.

● హెక్సాడెసిమల్‌లో 1234 అనే సంఖ్యను దాచేటప్పుడు ఇంటెల్ చిప్ ముందు 34ను, తర్వాత 12ను పెడుతుంది. పాత అమిగా, అటారీ ఎస్‌టీల్లోని 68000 చిప్ ముందు 12ను పెడుతుంది. కోడ్ రాసినవాళ్లు ఈ తేడా పట్టించుకోకపోతే, పీసీలో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ అక్కడ రంగులు తారుమారు చేస్తుంది, లేదా కుప్పకూలుతుంది.

● బొమ్మ, శబ్దం, కీబోర్డు పనులకు చాలా ఎమ్యులేటర్లు ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ మీద ఆధారపడతాయి. 2013లో దాని రెండో తరం వచ్చినప్పుడు పాత మాక్ ఓఎస్ లాంటి కొన్ని వేదికలకు మద్దతు పోయింది. ఎమ్యులేటర్ కొత్త ఎస్‌డీఎల్‌కు మారితే, ఆ వేదికల పోర్ట్‌లు చూసేవాళ్లకు రెట్టింపు చాకిరీ.

● కొమడోర్ 64 ఎమ్యులేటర్ వైస్‌కు ఒకప్పుడు డాస్, ఓఎస్/2, రిస్క్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల పోర్ట్‌లు కూడా ఉండేవి. ఇప్పటి విడుదలల్లో అవి లేవు.

పోర్ట్ బతకాలంటే కోడ్ రాసేవాళ్లు ఒక్కరే చాలరు, అసలు యంత్రం మీద నడిపి చూసేవాళ్లూ కావాలి. మీ అటక మీద పనిచేసే పాత కంప్యూటర్ ఉంటే పారేయకండి. దానికి సరిపోయే ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వేసి చూడండి. ఎక్కడ ఆగిందో, యంత్రం మోడల్ ఏమిటో రాసి డెవలపర్లకు పంపండి. ప్రోగ్రామింగ్ రాకపోయినా మీరు చేయగలిగిన సాయం ఇది.