ఎం82 పేలడం లేదు

ఎం82 గెలాక్సీ పేలిపోతోందనీ, అక్కడి ఎక్స్-కిరణాలు భూమి మీదికి దూసుకొస్తున్నాయనీ ఓ ఎర్రటి బొమ్మ జోడించి పంచుకుంటున్నారు. పిల్లలను భయపెట్టడం తప్ప దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఈ మాట ఎక్కడిదో చెప్పుకోవాలి. 1963లో లిండ్స్, శాండేజ్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఆ గెలాక్సీ నడుమ నుంచి పైకీ కిందికీ చిమ్ముతున్న హైడ్రోజన్ పోగులను చూసి కేంద్రంలో పేలుడు జరిగిందని భావించారు. తర్వాత ఆధారాలు పెరిగాయి, అభిప్రాయం మారింది. అక్కడ నక్షత్రాలు విపరీతమైన జోరులో పుడుతున్నాయి, వాటిలో భారీవి త్వరగా సూపర్‌నోవాలవుతున్నాయి. ఆ శక్తంతా కలిసి వాయువును కోట్ల డిగ్రీలకు వేడెక్కించి గాలిలా బయటికి నెడుతుందని 1985లో చెవాలియర్, క్లెగ్ లెక్కగట్టి చూపారు. ఆ అసలు గాలి మరీ పలచన కాబట్టి దాని వెలుగు తక్కువ. అది దారిలోని చల్లటి మేఘాలను ఢీకొన్నచోట వాయువు పదుల లక్షల డిగ్రీలకు చేరి ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. చంద్ర టెలిస్కోపు చూపిన ఎక్స్-రే వెలుగు ఆ హైడ్రోజన్ పోగుల వెంబడే కనిపించడం ఇందుకు సాక్ష్యం.

మరి ఆ గాలి మనదాకా రాదా అంటే, రాదు. ఎం82 దాదాపు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగం తగ్గకుండా నేరుగా మనవైపే వచ్చినా 360 కోట్ల ఏళ్లు పడుతుంది. పైగా ఆ గెలాక్సీ పళ్లెం అంచు మనవైపు ఉంది, గాలి పళ్లేనికి నిలువుగా, మన చూపుకు పక్కలకు పోతోంది. ఎక్స్-కిరణాలు మాత్రం ఎప్పటినుంచో చేరుతూనే ఉన్నాయి. అవి ఎంత పలచనంటే, అంతరిక్షంలోని చంద్ర సైతం గంటల తరబడి ఒక్కో ఫోటాన్‌నూ లెక్కపెట్టుకోవాలి. నేల మీదికి వాతావరణం వాటిని రానివ్వదు. ఎక్స్-కిరణాలను చూసే ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని 2015లో శ్రీహరికోట నుంచి పైకి పంపింది అందుకే.

ఎక్స్-రే ఉంటే కృష్ణబిలం ఉండాల్సిందేననే మాటా నిలవదు: ఎం82లోనే కాంతిమంతమైన ఓ ఎక్స్-రే మూలం న్యూట్రాన్ నక్షత్రమని 2014లో తేలింది. ఫొటోల్లో రంగులు వేసినవన్న విమర్శ మాత్రం ఒప్పుకోక తప్పదు. అయితే వేసింది ఇష్టం వచ్చినట్టు కాదు. 2006లో విడుదలైన ఎం82 చిత్రంలో చంద్ర పట్టిన ఎక్స్-కిరణాలకు నీలం, స్పిట్జర్ టెలిస్కోపు పట్టిన పరారుణ కాంతికి ఎరుపు ఇచ్చారు. అంటే మంటలా భయపెట్టే ఆ ఎరుపు చల్లటి ధూళి, అసలు వేడి నీలంలో ఉంది. అందుకే ఇలాంటి బొమ్మ చేతికొస్తే పంచుకునే ముందు నాసా పేజీలో దాని కింద రాసింది చదవండి, పిల్లలతోనూ చదివించండి.