44 ముక్కోణాల కత్తి

ఒరేయ్ పిల్లలూ, ఆ ఫోను ఒకసారి ఇటివ్వండి. ఈ ఆటలో మీరు ఝళిపిస్తున్నారే ఆ కత్తి, దాన్ని కొలిమీ సుత్తీ లేకుండా కంప్యూటరు ముందు కూర్చుని ఎవరో చేశారు. కాస్త పెద్దది చేసి చూడండి. పలకలు పలకలుగా లేదూ? దీన్నే లో పాలీ అంటారు. తక్కువ ముక్కలతో కట్టిన బొమ్మన్నమాట.

ఆ ముక్కలన్నీ చివరికి ముక్కోణాలే. మూడు మూలలే ఎందుకంటారా? మీ నాయనమ్మ ముక్కాలిపీట నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా కదలకుండా కూర్చుంటుంది. నాలుగు కాళ్ల మంచానికైతే ఏదో ఒక కాలి కింద పెంకుముక్క పెట్టాల్సిందే. ఇదీ అంతే. మూడు చుక్కలు ఎక్కడ పెట్టినా వాటి మధ్య పలక చదునుగానే ఉంటుంది. నాలుగో చుక్క వస్తే వంకర పోవచ్చు. చదును పలక మీద వెలుగు ఎంత పడుతుందో లెక్క కట్టడం కంప్యూటరుకి తేలిక.

సరే, మనమూ ఒక కత్తి చేద్దాం. బ్లేడుకి నాలుగు పొడుగు పలకలు, ఒక్కో పలకకి రెండేసి ముక్కోణాలు. అవి 8. మొన దగ్గర నాలుగు పలకలూ ఒక్క చుక్కలో కలుస్తాయి, అక్కడ ఇంకో 4. పిడికి పైన అడ్డపట్టీ ఓ చిన్న పెట్టె. ఆరు ముఖాలకి 12. పిడి గుండ్రంగా ఉండొద్దా తాతయ్యా అంటారేమో! గుప్పిట్లో దాగేదానికి గుండ్రదనం దేనికర్రా? ఆరు పలకలు చాలు, అవి 12. చివర గుబ్బకి 8. మొత్తం 44. పిడి కొనలు పట్టీలోకీ గుబ్బలోకీ దూరిపోయాయి కనక వాటికి మూతలు వెయ్యలేదు. బ్లేడు అడుగుకీ వెయ్యలేదు. కనపడని చోట ఖర్చెందుకు?

ఈ పొదుపు మొదట్లో తప్పనిసరై వచ్చింది. సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 1994లో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. పాపం, దాని శక్తెంత? కదిలే బొమ్మ కావాలంటే తెరను సెకనుకి ఎన్నోసార్లు కొత్తగా గీయాలి. ముక్కోణాలు ఎక్కువైతే ఆట నత్తనడకే. ఆ యంత్రం మీదే 1997లో ఫైనల్ ఫాంటసీ 7 వచ్చింది. అందులో క్లౌడ్ అనే కుర్రాడి కత్తి దాదాపు అతనంత పొడుగు! నిజంగా అంత కత్తి ఎవడు ఎత్తుతాడు? కానీ ఒకసారి చూస్తే ఎవరూ మరిచిపోలేరు. ముక్కలు తక్కువైనప్పుడు గుర్తుండాల్సింది ఆకారమే. నిజం కొలతలు పెడితే చిన్న తెర మీద బ్లేడు సన్నటి గీతయిపోతుంది. అందుకే వెడల్పు పెంచుతారు, పిడి లావు చేస్తారు. ముక్కోణాలు ఒకటి రెండు మిగిలితే బయటి అంచు మీదే వాడతారు.

అన్నట్టు ఇంకో తమాషా వినండి. 1971లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఆన్రీ గూరో అనే ఫ్రెంచాయన పలకల మధ్య వెలుగునీడల్ని మెల్లగా కలిపేసి బొమ్మ నున్నగా కనిపించే లెక్క చెప్పాడు. ఈ రోజుల్లో లో పాలీ చేసేవాళ్లు చాలామంది ఆ నునుపు వద్దంటారు! ఒక్కో పలకకి ఒక్కటే ఛాయ ఉంచుతారు. కత్తి తిప్పగానే ఒక పలక తళుక్కుమంటుంది, పక్కది నీడలోకి జారుతుంది. ఆ అందమే వేరు.

మీకూ చెయ్యాలనుందా? బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కానీ ముందు ఒక కాగితం మీద కత్తి గీసి, లోపలంతా నల్లరంగు నింపి, గోడకి అంటించి వీధిగుమ్మం దగ్గర నుంచి చూడండి. ఏ కత్తో అక్కణ్నుంచే తెలిసిందా, సగం పని అయిపోయినట్టే. తెలియలేదా, ముక్కోణాలు వేలకొద్దీ పోసినా దండగే.