పాసుపుస్తకమే సాక్షి!

కర్నూలు మార్కెట్లో ఉల్లిగడ్డ అమ్మొచ్చిన ఓ అలంపూర్ రైతు పాసుపుస్తకం ప్రింటు వేయించాడనుకుందాం. కనీస నిల్వ లేదంటూ నెలనెలా కోత! వందలే కదా అని ఊరుకోవాలా? అవి విత్తనాల డబ్బులు మరి.

నిల్వ తగ్గితే బ్యాంకు ముందుగా ఖాతాదారుకి చెప్పాలి, సర్దుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. ఆ కోతలవల్ల ఖాతా సున్నా కిందికి పోకూడదు. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వుబ్యాంకు నిబంధన ఇది.

అది జరగలేదా? అయితే కాగితాలు సిద్ధం చేసుకోవాల్సిందే. మొదట స్టేట్‌మెంటు తీసుకుని మేనేజరు సంతకం, ముద్ర వేయించాలి. కోత పడిన తేదీ, మొత్తం, బ్యాంకు రాసిన కారణం... వరసగా పట్టిక వేయాలి. బ్యాంకుకి ఫిర్యాదు రాసిచ్చి, రసీదు దాచుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించొచ్చు. పైసా ఖర్చుండదు.

వినియోగదారుల కమిషన్ మరో దారి. బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా సరే, 2019నాటి చట్టం ప్రకారం తాముండే జిల్లా కమిషన్లోనే కేసు వేయొచ్చు. సేవకి చెల్లించింది 5 లక్షల్లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదుకి పట్టిక, స్టేట్‌మెంటు, ఉత్తరం నకలు, ప్రమాణపత్రం జతచేయాలి. గడువు మాత్రం రెండేళ్లే!

చాళుక్యుల కాలంనాటి శాసనాలున్న ఊరది. రాసిపెట్టుకున్నదే నిలుస్తుందని అలంపూర్‌కి వేరే చెప్పాలా!