గంట మ్రోగుటకు ముందు

టెలిఫోనులో అంకెలు నొక్కినంతనే అవతలి యింట గంట మ్రోగదు. నడుమ ఒకటి రెండు క్షణములు నిశ్శబ్దముగా నుండును. ఆ నిశ్శబ్దములో ఏమి జరుగుచున్నదని మా విద్యార్థులు కొందఱు మమ్మడిగిరి. ప్రశ్న చిన్నదే గాని దానికి సమాధానము చెప్పవలెనన్న ఒక రైలు స్టేషనుతో మొదలిడి ఒక యీలకథను గూడ చెప్పవలసియున్నది.

స్టేషను మాస్టరు తన యొద్దకు వచ్చిన బండిని తనంతట తాను ముందునకు పంపడు. తరువాతి స్టేషనువారిని తీగమీద నడిగి, 'లైను క్లియరు' అని జవాబు వచ్చిన పిదపనే పంపును. బండి నడచునది పట్టాలమీద. అనుమతి నడచునది ప్రక్కనున్న తీగమీద. టెలిఫోనులో మన మాట బండివంటిది. ఆ మాటకు త్రోవ యడుగుట, త్రోవ యిచ్చుట, పని ముగిసిన పిదప త్రోవను విడుచుట అను వ్యవహారమంతటికిని సిగ్నలింగు అని పేరు. ఇందులో ఏ ప్రశ్నకు ఏ జవాబు, ఏ క్రమమున, అని ముందుగా చేసికొన్న యొడంబడికయే ప్రోటోకాలు.

గడచిన శతాబ్దపు నడిమి దశకములలో అమెరికా దేశపు దూరపు లైనులందు ఈ రెండింటికిని ఒకటే త్రోవ. మనుష్యుల మాట నడచు లైనుమీదనే ఎక్స్ఛేంజీల సంకేతములును స్వరములుగా నడచెడివి. లైను ఖాళీగా నున్నదని తెలుపుటకు సెకనుకు 2600 కంపనములు గల స్వర మొకటి యేర్పఱచిరి. అయితే ఆ స్వరమును యంత్రమే పలికినదో, మనిషియే పలికినాడో వినుచున్న ఎక్స్ఛేంజికి తెలియు టెట్లు? 1949లో జన్మించిన జో ఎంగ్రెసియా అను అంధబాలుడు చిన్నతనముననే టెలిఫోనులోనికి ఈలవేసి ఆ స్వరమును తప్పులేకుండ పలికెను. దూరపు ఎక్స్ఛేంజి దానిని విని, మాటలాడువారు ముగించిరని తలచి లైనును విడిచెడిది. ఈల ఆగగానే క్రొత్తవారెవరో వచ్చిరని మఱల అంకెలకొఱకు కాచియుండెడిది! ఫలాహారపు పెట్టెలలో పిల్లల కుచితముగా నిచ్చిన ఒక బొమ్మయీలయు ఆ స్వరమునే పలికినది. తక్కిన సంకేతముల స్వరములను 1960లో బెల్ సంస్థవారి సాంకేతిక పత్రికయే అచ్చువేసెను. అవి చదివి కొందఱు 'బ్లూ బాక్సు' లను పెట్టెలు చేసిరి. మొదట రుసుము లేని యొక సంఖ్యకు పిలిచి, 2600 స్వరము పలికించి, పిమ్మట తమకిష్టమైన యూరికి మాటలాడెడివారు. లెక్క వ్రాయు ఎక్స్ఛేంజి మాత్రము ఇంకను ఆ మొదటి పిలుపే సాగుచున్నదని నమ్మియుండెడిది. ఆ బాలుని చెవిని మేము మెచ్చుకొనక యుండలేము; పెట్టెలవారి పని మాత్రము దొంగతనమే.

దీనికి మందు, రైల్వేవారు చేసినట్లు త్రోవలను వేఱుచేయుటయే. 1976లో అమెరికాలో సంకేతములకు ప్రత్యేకమైన లైనులు పనిచేయనారంభించెను. 1980లో సి.సి.ఐ.టి.టి. అను అంతర్జాతీయ సంఘము 'సిగ్నలింగు సిస్టమ్ 7' అను విధానమును నిర్ణయించెను. డిజిటల్ టెలిఫోనులో మన గొంతు సెకనుకు 8000 మాఱులు కొలువబడును. ఒక్కొక్క కొలత 8 బిట్లుగా వ్రాయబడును. కావున ఒక మనిషి మాటకు సెకనుకు 64,000 బిట్లు. ఐరోపాలోను మన దేశములోను వాడు లైనులో ఇట్టి యఱలు 32. వానిలో ముప్పది మాటలకు. 0వ యఱ కాలము సరిచూచుకొనుటకు. 16వ యఱ సామాన్యముగా సంకేతములకు.

బందరునుండి ఒకరు విశాఖపట్టణమున నున్న తమ్మునికి ఫోను చేసిరనుకొందము. బందరు ఎక్స్ఛేంజి ఒక చిన్న లేఖవంటి సందేశమును పంపును. పిలిచినవారి సంఖ్య, పిలువబడినవారి సంఖ్య, మాటకై కేటాయించిన యఱ యేది అను సంగతులు అందులో నుండును. తమ్ముని లైను ఖాళీగా నున్నయెడల 'చిరునామా చేరినది' అని విశాఖ జవాబిచ్చి గంట మ్రోగించును. అతడు ఫోను ఎత్తగానే 'పలికినాడు' అను సందేశము తిరిగివచ్చును. రుసుము లెక్క సామాన్యముగా అప్పటినుండియే. ముగించిన పిదప 'విడుచుచున్నాము' అని ఒకరు, 'విడిచితిమి' అని యొకరు చెప్పుకొందురు. లైను ఎంగేజియైనచో విశాఖ 17 అను కారణసంఖ్యను తెలిపి విడుచును. ఎంగేజి ధ్వనిని బందరే వినిపింపవచ్చును. దానికొఱకు అంతదూరపు త్రోవను పట్టియుంచ నక్కఱలేదు.

సెల్ ఫోనులలో ఎస్.ఎమ్.ఎస్. లేఖలు మొదటినుండి ఈ సంకేతముల త్రోవననే ప్రయాణము చేసినవి. ఇరుకైన త్రోవ గనుక ఒక్కొక్క లేఖకు 140 బైట్లే చోటు. ఆంగ్లములో 160 అక్షరములు పట్టును. తెలుగున సామాన్యముగా 70. గుణింతపు గుర్తును వేఱుగా లెక్కించుటచే నిజమునకు మనకు దక్కునది యింకను తక్కువ.

ఈల యిప్పుడు పనిచేయదు. కాని ఈ రెండవ త్రోవను వేసినవారు, ఇందులోనికి వచ్చువారందఱును తమవంటి టెలిఫోను సంస్థలవారే యని నమ్మి, అడుగువాడెవడని విచారించు నేర్పాటు చేయలేదు. నేడు ఆ త్రోవకు ప్రపంచమంతట ద్వారములు గలవు. ఏదో యొక ద్వారమున ప్రవేశించినవారు పరుల ఫోను ఎచ్చట నున్నదో కనుగొనవచ్చుననియు, లేఖలను మళ్ళింపవచ్చుననియు 2014 డిసెంబరులో జర్మనీ దేశపు హాంబర్గు నగరమున పరిశోధకులు చూపిరి. 2017లో ఆ దేశముననే దొంగలు అట్లే చేసిరి. ఖాతాల సంకేతపదములను ముందే దొంగిలించి, బ్యాంకులు పంపిన రహస్యసంఖ్యల లేఖలను తమ ఫోనులకు మళ్ళించుకొని సొమ్ము తీసికొనిరి.

నాల్గవ తరపు ఫోనులకు వేఱు విధానములు వచ్చినవి గాని, పాతవానితో మాటలాడవలసిన యవసరము అంతటను తీరలేదు. అందువలన సంస్థలు ద్వారములకడ కావలి యుంచుచున్నవి. పది నిమిషములకు ముందు విశాఖలో మాటలాడిన మనిషి ఇప్పుడు వేఱొక ఖండమున నున్నాడని సందేశము వచ్చినచో, అంతదూర మంతలో పోవుట సాధ్యమా యని కావలియంత్రము లెక్కవేసి, ఆ సందేశమును త్రోసివేయును.